మరచెంబు మీది పేరు

ఎల్.టి.సి. గడువు ముగింపుకు వస్తున్నదంటే మన టౌన్‌షిప్‌లో ఊటీ, సిమ్లా, అండమాన్ల ప్రస్తావన లేని సాయంత్రం ఉండదు. ఈసారి మేము కాశీ, గయ వెళుతున్నామని చెప్పగానే మా విభాగంలోని మిత్రులు కొందరు కాస్త జాలిగానే చూచారు. రిటైరైన తరువాత చేయవలసిన యాత్రను ముందే చేసేస్తున్నానని వారి అభిప్రాయం. కాని నాన్నగారు పోయి రెండేళ్ళు నిండాయి. గయలో పిండప్రదానం చేస్తానని ఆయన మంచం ప్రక్కన కూర్చుని మాట ఇచ్చి ఉన్నాను. మా తాతగారు గయ చూడలేదు, నాన్నగారూ చూడలేదు. ముత్తాతగారు వెళ్ళివచ్చారని ఇంట్లో ఒక మాట ఉన్నది. ఆ మాటకు ఆధారం మాత్రం లేదు.

బయలుదేరే ముందురోజు రాత్రి మా అమ్మ పాత భోషాణం తెరచి ఒక మరచెంబు తీసుకువచ్చింది. మరచెంబు అంటే ఈనాటి పిల్లలకు తెలియకపోవచ్చును. ఇత్తడి చెంబుకు మెడ దగ్గర మరలు త్రిప్పి, దానికి సరిపడే మూత బిగించి, మూత మీద పట్టుకొనేందుకు పిడి అమర్చేవారు. లోపల కళాయి. ప్లాస్టిక్ సీసాలు రాకముందు, పరుల చేతి నీళ్ళు ముట్టని పెద్దలు రైలు ప్రయాణానికి మొట్టమొదట సర్దుకొనే వస్తువు అదే. మా చెంబు బరువు ఇంచుమించు కిలోన్నర ఉంటుంది. నీళ్ళు పోస్తే సంచీ తెగిపోయేటట్లున్నది. "ఇది అత్తయ్యగారి చెంబు. గయ చూచి వచ్చిన చెంబట. మళ్ళీ దాన్ని తీసుకువెళ్ళు" అన్నది అమ్మ.

ఆ భోషాణంలో ఒకప్పుడు ఇటువంటివి ఎన్నో ఉండేవి. గుండిగలు, గంగాళాలు, బిందెలు, కంచాలు. ప్రతి దాని భుజం మీద సన్నని చుక్కలతో ఒక పేరు. పెళ్ళిలో సారె ఇచ్చేటప్పుడు పాత్ర ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో సన్న ఉలితో చుక్కలు పొడిపించి వ్రాయించడం మన ప్రాంతాలలో ఇప్పటికీ ఉన్నదే. స్టీలు సామాను క్రొత్తగా వచ్చిన రోజులలో ఊరూరా బండ్ల మీద తిరిగి ఇత్తడికి బదులు స్టీలు ఇచ్చేవారు. మా నాన్నమ్మ మూడు బిందెలు ఇచ్చి ఒక డజను గ్లాసులు తీసుకున్నది. తోమే చాకిరీ తప్పిందని ఆమె సంతోషించడం నాకు గుర్తే. ఆమెను తప్పుపట్టే అర్హత ఆ బిందెలు ఏనాడూ తోమని మాకెవరికీ లేదు. కాని ఆ బిందెల మీద ఉన్న పేర్లన్నీ త్రాసులో తూగి కొలిమికి వెళ్ళిపోయాయి. ఈ మరచెంబు ఒక్కటి గయ చూచి వచ్చిందన్న గౌరవం వల్ల మిగిలింది.

దాని మీద కూడా పేరు ఉన్నది, లేక ఉండేది అనాలి. తరాల తరబడి చింతపండుతో, బూడిదతో తోమిన తరువాత మొదట "పు" అనే అక్షరం, చివర "మ్మ" మిగిలాయి. నడుమ చుక్కల జాడ వ్రేలికి తగిలీ తగలనట్లున్నది. మా ఇంటిపేరు "పు"తో మొదలుకాదు. చెక్కినవాడు పొరపాటుపడి ఉంటాడని మా నాన్నగారు అనేవారు.

కాశీలో మూడు రాత్రులు ఉన్నాము. కాశీని గురించి ఈ పత్రికలోనే పలువురు మిత్రులు ఇదివరకు వ్రాసి ఉన్నారు గనుక ఆ ప్రసక్తి వదిలి గయకు వస్తాను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుండి పల్లకీలతో, డేరాలతో, పెద్ద పరివారంతో బయలుదేరి కాశీ, గయ సేవించి 1831లో తిరిగివచ్చారు. పదిహేను నెలల ప్రయాణం. మాది పన్నెండు రోజుల సెలవు, అందులో రెండు ఆదివారాలు. కాశీ వైపు నుండి గయకు రైలులో వస్తే డెహ్రీ దగ్గర సోన్ నది దాటాలి. ఆ వంతెన 1900లో పూర్తయింది. పొడవు మూడు కిలోమీటర్లకు పైమాట. రాజమహేంద్రవరంలో పాత గోదావరి వంతెన తెరచినదీ ఆ సంవత్సరమే. ఇసుక మేటల మధ్య నీలంగా, సన్నగా పారుతున్న నీటిని చూస్తుంటే వేసవిలో మన గోదావరే గుర్తుకు వచ్చింది.

గయ పెద్ద ఊరు, ఇరుకు ఊరు. స్టేషను నుండి ఆలయం వైపు వెళ్ళే సందులలో తిలకుట్ దంచే చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. నువ్వులూ బెల్లమో పంచదారో కలిపి రోకళ్ళతో దంచి చేసే ఈ మిఠాయి అక్కడి ప్రత్యేకత. పితృదేవతలకు నువ్వులు వదిలే ఊరిలో నువ్వుల మిఠాయే పేరుపొందడం తమాషాగా తోచింది. ఫల్గూ నది పైకి ఇసుకగా కనబడుతూ లోలోపల ప్రవహిస్తుందనీ, అది సీతమ్మవారి శాపమనీ మనవారు చెప్పుకొంటారు. ఇసుక త్రవ్వి చెలమ నీటితో తర్పణం వదలడం వెనుకటి పద్ధతి. 2022లో నదికి అడ్డంగా రబ్బరు ఆనకట్ట కట్టిన తరువాత ఆలయం ఎదుట నీరు నిలుస్తున్నది. సీతమ్మ శాపానికి ఇంజనీర్లు పరిహారం కనిపెట్టారని మా అబ్బాయి అన్నాడు. వాళ్ళ అమ్మ కళ్ళెర్రజేసింది.

ఒడ్డున విష్ణుపాద ఆలయం. ఇప్పుడున్న కట్టడాన్ని ఇందూరు రాణి అహల్యాబాయి హోల్కర్ 1787లో కట్టించింది. నల్లని రాతి మండపం, పైన ఎనిమిది పలకల శిఖరం. లోపల వెండి చుట్టుకట్టు నడుమ, రాతి మీద దాదాపు నలభై సెంటీమీటర్ల పొడవున్న పాదముద్ర. ఆ పాదం మీద పెట్టిన పిండాలను తీసివేసే లోపలే మళ్ళీ క్రొత్తవి వచ్చి పడుతుంటాయి. పంజాబు రైతు, బెంగాలీ గుమాస్తా, మరాఠీ దంపతులు, మేము - అందరం ఒకే గచ్చు మీద ఒకరి మోకాలు ఒకరికి తగిలేటట్లు కూర్చున్నాము. నా ప్రక్కన కూర్చున్న పెద్దమనిషికి పురోహితుడు మాతృషోడశి చెప్పిస్తున్నాడు. తల్లి తనను మోసినందుకు, కన్నందుకు, రాత్రులు మేలుకొన్నందుకు, తాను పస్తుండి పెట్టినందుకు, ఒక్కొక్క కష్టాన్నే చెప్పి ఒక్కొక్క పిండం, అలా పదహారు. ఏడవదో ఎనిమిదవదో వచ్చేసరికి ఆయనకు మాట పెగలలేదు. నాకు ఆ అవసరం ఇంకా లేదు. మా అమ్మ ఇంటి దగ్గర మా ఫోను కోసం ఎదురుచూస్తూ ఉన్నది.

మాకు కర్మ చేయించినవారు తెలుగు పురోహితులే. మొదటిరోజు ఫల్గూ తీరాన నాన్నగారి పేరు, తాతగారి పేరు, ముత్తాతగారి పేరు గోత్రంతో సహా తడుముకోకుండా చెప్పాను. నాన్నమ్మ పేరూ చెప్పాను. "ప్రపితామహి నామధేయం?" అన్నారాయన. నేను ఆగిపోయాను. ముత్తాతగారి భార్య పేరు నాకు తెలియదు. ముప్పైరెండేళ్ళ ఉద్యోగంలో ఎన్నో యంత్రాల సీరియల్ నంబర్లు కంఠస్థం చేసినవాణ్ణి, మా ముత్తవ్వ పేరు చెప్పలేకపోయాను. చేతిలో నువ్వులు పట్టుకొని అమ్మకు ఫోను చేయించాను. అమ్మ కొంతసేపు ఆలోచించింది. "పెద్దల పేర్లు పలకకూడదు కదురా, మా అత్తగారు ఎప్పుడూ 'అత్తయ్యగారు' అనేవారే గాని పేరు చెప్పలేదు. ఆ చెంబు మీద ఉన్నది ఆవిడ పేరే అయి ఉండాలి, చూడు" అన్నది. చెంబు తీసి ఎండకు త్రిప్పి త్రిప్పి చూచాము. "పు", "మ్మ". అంతకుమించి లేదు. పురోహితులవారు ఓర్పుగా, "పేరు తెలియకపోతే వరుస చెప్పి వదలవచ్చును బాబూ, దోషం లేదు" అన్నారు. అలాగే చేశాను. దోషం లేకపోవచ్చును గాని ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

సాయంకాలం మా ప్రాంతంవారికి తీర్థగురువులైన గయావళి పండాగారి ఇంటికి వెళ్ళాము. గయావళులు మధ్వ సంప్రదాయాన్ని అనుసరిస్తారని చాలామందికి తెలియదు. ఫల్గూ ఒడ్డున ఉన్నవారికి దక్షిణాదిన ఉడుపి నుండి గురుపరంపర! వారి వద్ద ఉండే పుస్తకాలను చూడడమే ఒక అనుభవం. ఎర్రగుడ్డ అట్టలు వేసి, త్రాడుతో చుట్టి, గోడ బీరువాలలో వరుసలుగా పేర్చి ఉంటాయి. యాత్రికుడు తన ఊరు, తాలూకా, జిల్లా, తన తండ్రి తాతల పేర్లు, అన్నదమ్ముల పేర్లు, కొడుకుల పేర్లు తన చేతితో తన భాషలో వ్రాసి, క్రింద సంతకం చేసి వెళతాడు. ఇకముందు తన వంశంవారు ఎవరు వచ్చినా ఈ పండా ఇంటికే రావలెనని కూడా వ్రాస్తాడు. ఒక విధంగా ఇది వ్యాపార పత్రమే. పండాకు తరతరాల ఆదాయానికి హామీ. ఆ వ్యాపారమే లేకపోతే ఇంతకాలం ఇంత కాగితాన్ని చెదల బారినుండి ఎవరు కాపాడేవారు?

మన ఊళ్ళలో ఈ పని నోటితో జరిగేది. పంటలు ఇంటికి వచ్చే రోజులలో పిచ్చుకుంట్లవారు - వారినే ఇప్పుడు వంశరాజులు అంటున్నారు - ఇంటి ముందుకు వచ్చి గోత్రమూ, మూలపురుషుడి పేరూ మొదలుకొని వంశక్రమం గడగడా చదివేవారు. నా చిన్నతనంలో విన్నాను. వ్రాసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఉత్తరాదిన హరిద్వారంలోని పండాల పుస్తకాలను అమెరికాలోని యూటా వంశావళి సంఘంవారు మైక్రోఫిల్ములు తీయించారు. ఎక్కడివారి పెద్దల పేర్లు ఎక్కడికి చేరాయో చూడండి.

పండాగారి గుమాస్తా చక్కని తెలుగు మాట్లాడాడు. "జిల్లా?" అన్నాడు. "కోనసీమ" అన్నాను. ఆ పేరుతో పుస్తకం లేదు. ఉండదు మరి, ఆ జిల్లా ఏర్పడింది 2022లో. "తూర్పు గోదావరి" అన్నాను. ఒక లావుపాటి పుస్తకం తీశాడు. మా ఊరివారివి నాలుగు సంతకాలు కనబడ్డాయి గాని మావారివి లేవు. గంట గడిచింది. మా అబ్బాయి గోడకు ఆనుకొని నిద్రపోయాడు. అప్పుడు నాకు స్ఫురించింది. తూర్పు, పశ్చిమ గోదావరులు విడిపోయింది 1925లో. ముత్తాతగారు అంతకు ముందే వచ్చి ఉంటే ఆయన ఏ జిల్లా అని వ్రాస్తారు? "గోదావరి జిల్లా, అమలాపురం తాలూకా" అన్నాను. గుమాస్తా నవ్వి, "అలా చెప్పండి" అని పై అరలో నుండి మరొక పుస్తకం దించాడు.

పదిహేను నిమిషాలలో దొరికింది. గోధుమరంగుకు తిరిగిన నల్లసిరా. అక్షరాలు గుండ్రంగా, ఒకదాని నొకటి ఒరుసుకుంటూ, పదాల నడుమ ఎడం లేకుండా. ఆ చేతివ్రాతను నేను ఎన్నడూ చూచి ఉండలేదు. అయినా "గ" వ్రాయడంలో కాలు చివర చిన్న కొక్కెం ఉన్నది. మా నాన్నగారి "గ" కూడా అలాగే ఉండేది. ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నారు, ఆయన తన తండ్రి దగ్గర. అంతే కావచ్చును. ఆ కొక్కెం చూచిన తరువాత క్రింద సంతకం చదవవలసిన అవసరం నాకు కనబడలేదు.

తేదీ ఇంగ్లీషు లెక్కలో లేదు. ఆనంద నామ సంవత్సరం, మాఘ మాసం. ఆనంద అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. 1854 కావాలి, లేదా 1914, లేదా 1974. గోదావరి జిల్లా అన్న పేరు వచ్చిందే 1859లో గనుక మొదటిది కాదు. 1974లో ముత్తాతగారు లేరు. మాఘం కనుక 1915 సంవత్సరపు ఆరంభం అన్నమాట. మా ఊరి నుండి కాలువ పడవలో బొబ్బర్లంక లాకులు దాటి, రాజమహేంద్రవరంలో రైలెక్కి, కలకత్తా మీదుగా వచ్చి ఉంటారు. అప్పటికి ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధం మొదలై కొన్ని నెలలయింది. మా తాతగారు ఏడేళ్ళ పిల్లవాడు. ఆయన పేరు కూడా అక్కడ ఉన్నది.

కొడుకుల పేర్లు, తమ్ముళ్ళ పేర్లు అన్నీ ఉన్నాయి. నేను వెదకిన ముత్తవ్వ పేరు లేదు. భార్య పేరు వ్రాసే ఆచారం లేదు కాబోలు. గుమాస్తా ప్రక్క పుటలు త్రిప్పి చూపించాడు, ఎవరూ వ్రాయలేదు. కాని చివరి వరుసలో మరొక స్త్రీ పేరు ఉన్నది. "మా అక్కయ్యగారు" అని, ఆమె పేరు, ఆమె భర్త ఇంటిపేరు, గోత్రం, కాలం చేసిన ఆ బావగారికి కూడా పిండప్రదానం చేయడమైనదని. పేరు "మ్మ"తో ముగిసింది. ఇంటిపేరు "పు"తో మొదలయింది.

చెక్కినవాడు పొరపాటుపడలేదు. మేమే పడ్డాము. ఆ రాత్రి ఫోనులో అమ్మ, నేను కలసి లెక్క కట్టాము. ముత్తాతగారి అక్కగారంటే మా తాతగారికి మేనత్త. భర్త పోయిన తరువాత పుట్టింటికి వచ్చి ఉంటుంది. తల్లి త్వరగా పోతే తాతగారిని ఒక మేనత్త పెంచిందని లీలగా ఒక మాట ఇంట్లో ఉన్నది. తాతగారు ఆమెను "అత్తయ్య" అన్నారు. ఆ చెంబును అత్తయ్య చెంబు అన్నారు. కాపురానికి వచ్చిన నాన్నమ్మ, అది తన అత్తగారి చెంబని అనుకున్నది. మా అమ్మ, నాన్నమ్మ అత్తగారిదనుకున్నది. మన భాషలో రెంటికీ ఒకటే మాట గదా! పిల్లలు లేని ఆ మనిషి ఆ ఒక్క మాటలో కరగి మరొకరిలో కలసిపోయింది. నూరేళ్ళకు పైగా ఆమెకు ఎవరూ నీళ్ళు వదలలేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ఆవిడ పెంచకపోతే మీ తాతగారు ఎక్కడ, మనం ఎక్కడ" అని మాత్రం అన్నది.

మరునాడు అక్షయవటం క్రింద చివరి పిండాలు. గయలో పెట్టే పిండాలు మూడు తరాలతో ఆగవు. మేనత్తలు, మేనమామలు, అత్తమామలు, గురువులు, స్నేహితులు, ఇంట పనిచేసినవారు, చివరకు దిక్కులేనివారు, పేరు తెలియనివారు కూడా ఆ వరుసలో ఉన్నారు. ఆ జాబితా చేసిన పూర్వులెవరో గాని కుటుంబమంటే ఏమిటో మనకంటె బాగా ఎరిగినవారు. పురోహితులవారికి సంగతి చెప్పాను. ఆయన ఆమె గోత్రాన్ని, పేరును రెండుసార్లు అడిగి సరిచూచుకొని, విడిగా ఒక పిండం చేయించారు. ముత్తవ్వకు ఈసారీ వరుస చెప్పే వదిలాను. ఆమె పేరు దొరకలేదు. ఇక దొరుకుతుందనే ఆశ కూడా లేదు. అక్కడి ఆచారం ప్రకారం ఒక పండు, ఒక కూర వదిలిపెట్టాలి. నేను సీతాఫలం, పొట్లకాయ వదిలాను. పొట్లకాయ నాకు మొదటినుండీ ఇష్టం లేదని మా ఆవిడ పురోహితులవారి ఎదుటే బయటపెట్టింది.

తిరిగి వచ్చేముందు నేనూ పుస్తకంలో వ్రాశాను. ముత్తాతగారి సంతకానికీ నాదానికీ నడుమ నూరేళ్ళ ఖాళీ. నాన్నగారి పేరు, నా పేరు, మా అబ్బాయి పేరు వ్రాసి కలం ఆపాను. తరువాత అమ్మ పేరు, మా ఆవిడ పేరు, అమెరికాలో ఉన్న మా అమ్మాయి పేరు, నా ఇద్దరు అక్కల పేర్లు వ్రాశాను. గుమాస్తా చూచి ఏమీ అనలేదు. ఈ మధ్య చాలామంది అలాగే వ్రాస్తున్నారట. ఆపైన ముత్తాతగారి అక్కగారి పేరు మరొకసారి వ్రాశాను.

ఆ పేరును ఇక్కడ మాత్రం వ్రాయడం లేదు. మా అమ్మ వద్దన్నది. ఇంటి పెద్దల పేరు నలుగురి చేతుల్లో పడే పత్రికలో ఎందుకని ఆమె పట్టింపు. అలా పలకకుండా ఉండబట్టే పోయిందని వాదించాను గాని ఆమె వినలేదు.

సెలవు ముగిసి డ్యూటీలో చేరిన తరువాత మా తనిఖీ విభాగంలోని మిత్రునికి ఈ కథ చెప్పాను. వెల్డింగులో కంటికి కనబడని పగుళ్ళను పట్టుకోవడానికి మనం చేసే డై పెనెట్రంట్ పరీక్ష సంగతి చాలామంది పాఠకులకు తెలుసు. ఎర్రని ద్రవం పూసి, అది సందులలోకి ఇంకే వరకు ఆగి, పైపైన తుడిచి, తెల్లని డెవలపర్ చల్లితే లోపల దాగిన ఎరుపు పైకి తేలుతుంది. గడువు తీరి పారవేయవలసిన డబ్బాలు రెండు ఉన్నాయని ఆయనే అన్నాడు. సంస్థ సామగ్రిని సొంతానికి వాడినట్లు ఎవరూ భావించవద్దని మనవి. భోజన విరామంలో చెంబు భుజం మీద పూసి పది నిమిషాలు ఆగాము. తుడిచి, తెల్లది చల్లాము. మొదట "పు" వచ్చింది, చివర "మ్మ" వచ్చింది. నడుమ తెల్లగానే ఉన్నది. మేము టిఫిన్ డబ్బాలు విప్పుకొనేసరికి ఒకటి, రెండు, ఆపైన ఆరేడు ఎర్రని చుక్కలు, ఒక తలకట్టు, దాని క్రింద ఒక సున్న, సన్నసన్నగా లేచి నిలబడ్డాయి. పుస్తకంలో చదివిన పేరే.

ఫొటో తీసి అమ్మకు చూపించాను. కళ్ళజోడు సవరించుకొని ఒక్కొక్క అక్షరాన్నే కూడబలుక్కొని, ఎవరూ విననట్లు మెల్లగా చదివింది. ఆ తరువాత చెంబును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ త్రిప్పి, "ఇకమీదట దీన్ని చింతపండుతో తోమవచ్చునా, కూడదా? అది చెప్పు ముందు" అన్నది.